తెర మీద కనిపించేది కొత్త కోడా, పాత స్టేటా? లైవ్ ప్రివ్యూల లోగుట్టు

క్లుప్తంగా: హాట్ రీలోడ్, ప్రివ్యూ, లైవ్ ఎడిట్ అని రకరకాల పేర్లతో వినిపించే సదుపాయాలు పైకి ఒకేలా కనిపిస్తాయి, లోపల పనిచేసే తీరు మాత్రం వేరు. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు చేసే గూగుల్ పనిముట్టు ఫ్లట్టర్ నడుస్తున్న యాప్‌లోనే కోడ్ మారుస్తుంది, పాత స్టేట్‌ను (యాప్ అప్పటిదాకా గుర్తుపెట్టుకున్న విలువలను) అలాగే ఉంచుతుంది. ఆపిల్ యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్ మారిన భాగాన్ని విడిగా కంపైల్ చేసి (మెషీన్ కోడ్‌గా మార్చి) ప్రివ్యూ ప్రాసెస్‌లోకి ఎక్కిస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియో ఫోన్ ప్రమేయం లేకుండా కంప్యూటర్‌లోనే స్క్రీన్ గీసి చూపిస్తుంది. ప్రివ్యూ ఎప్పుడు తప్పు చూపిస్తుందో ఈ తేడాల్లోనే తెలుస్తుంది.

ఫ్లట్టర్ నేర్చుకునేవాళ్లకు మొదటి వారంలోనే ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. స్క్రీన్ మీద ఒక కౌంటర్. స్టేట్ క్లాసులో దాని మొదటి విలువ 0. దాన్ని 10 చేసి ఫైల్ సేవ్ చేస్తారు. రీలోడ్ అయిందని టెర్మినల్‌లో వస్తుంది, తెర మీద మాత్రం 0 కదలదు. అదే ఫైల్‌లో బటన్ రంగు మారిస్తే రెప్పపాటులో మారిపోతుంది. ఒకటి మారి ఇంకొకటి మారకపోయేసరికి టూల్‌లోనే ఏదో లోపం ఉందనుకుంటారు.

లోపం లేదు. బటన్ రంగు బిల్డ్ మెథడ్‌లో, అంటే తెర రూపం రాసే కోడ్‌లో ఉంది. సేవ్ చేయగానే ఆ మెథడ్ కొత్త కోడ్‌తో మళ్లీ నడిచింది. కౌంటర్ విలువ అలా కాదు. స్టేట్ ఆబ్జెక్ట్ పుట్టినప్పుడు ఒకేసారి పడిన విలువ అది. ఆ ఆబ్జెక్ట్ ఇంకా బతికే ఉంది, మళ్లీ పుట్టలేదు. కనుక కొత్తగా రాసిన 10ని ఎవరూ చదవలేదు. లైవ్ ప్రివ్యూల గురించి వచ్చే సందేహాల్లో చాలావాటికి మూలం ఇదే. ఏ కోడ్ మళ్లీ నడిచింది, ఏ డేటా పాతది మిగిలింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే చిక్కుముడి దాదాపు విడిపోయినట్టే.

## పాత ఆలోచనే

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపకుండా మార్చడం ఈ పదేళ్లలో పుట్టిన సంగతి కాదు. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ భాషలో ఒక ఎక్స్‌ప్రెషన్ టైప్ చేస్తే వెంటనే జవాబు వచ్చే పద్ధతి స్థిరపడింది. 1970లలో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ బృందం తయారుచేసిన స్మాల్‌టాక్ భాష ఇంకో అడుగు వేసింది. అందులో ఎడిటర్, కంపైలర్, నడిచే ప్రోగ్రామ్, దాని కిటికీలు అన్నీ ఒకే ఇమేజ్‌లో (మెమరీ మొత్తాన్ని దాచుకునే ఫైల్‌లో) కాపురం ఉంటాయి. ఒక మెథడ్ మార్చి ఒప్పుకుంటే తర్వాతి పిలుపు నుంచే కొత్తది అమల్లోకి వస్తుంది. 1979 డిసెంబరులో స్టీవ్ జాబ్స్ అక్కడికి వచ్చినప్పుడు, తెర మీద అక్షరాలు ఒక్కో లైను గెంతుతూ కదులుతున్నాయని అంటే, ఇంగాల్స్ అప్పటికప్పుడు కోడ్ మార్చి నున్నగా జరిగేలా చేశారని చెప్పుకుంటారు.

ఆ వారసత్వం ఫ్లట్టర్‌లోకి నేరుగా వచ్చింది. ఫ్లట్టర్ యాప్‌లు రాసేది 2011లో గూగుల్ ప్రకటించిన డార్ట్ భాషలో. దాని రూపకర్తల్లో ఒకరు లార్స్ బాక్. అంతకుముందు ఆయన సెల్ఫ్, స్ట్రాంగ్‌టాక్ వంటి స్మాల్‌టాక్ వంశపు వర్చువల్ మెషీన్ల (కోడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ యంత్రాల, క్లుప్తంగా వీఎమ్‌ల) మీద, ఆ తర్వాత జావా హాట్‌స్పాట్ మీద, క్రోమ్‌లోని జావాస్క్రిప్ట్ ఇంజిన్ వీ8 మీద పనిచేశారు. నడుస్తుండగానే క్లాసులు మార్చుకోగలిగే డార్ట్ వీఎమ్ వెనుక ఈ నేపథ్యం ఉంది.

ఆపిల్ భాష స్విఫ్ట్ దారి వేరు. అది మొదటి నుంచీ మెషీన్ కోడ్‌గా కంపైలయ్యే భాష. 2014 జూన్‌లో స్విఫ్ట్‌తో పాటు వచ్చిన ప్లేగ్రౌండ్స్‌కు (రాసిన కోడ్ ఫలితం పక్కనే చూపే సదుపాయానికి) ఇంటర్‌ఫేస్ డిజైనర్ బ్రెట్ విక్టర్ ఆలోచనలు, లైట్ టేబుల్ ఎడిటర్ ప్రేరణ అని స్విఫ్ట్ సృష్టికర్త క్రిస్ లాట్నరే రాశారు. మధ్యలో వర్చువల్ మెషీన్ అంటూ లేని భాషకు లైవ్ ప్రివ్యూ తగిలించడం కష్టమైన పని. ఎక్స్‌కోడ్ ప్రివ్యూ ఎందుకు అంత తరచుగా ఆగిపోతుందన్న విసుగుకు సగం సమాధానం ఇక్కడే ఉంది.

## ఫ్లట్టర్: ఇంజిన్ ఆపకుండా చక్రం మార్చడం

ఫైల్ సేవ్ చేశాక (టెర్మినల్‌లో అయితే చిన్న ఆర్ నొక్కాక) హాట్ రీలోడ్‌లో జరిగే వరుస ఇది. మారిన ఫైళ్లను ఇంక్రిమెంటల్ కంపైలర్ కెర్నల్ అనే మధ్యంతర రూపంలోకి మారుస్తుంది. ఆ ముక్క ఫోన్‌లోనో ఎమ్యులేటర్‌లోనో నడుస్తున్న డార్ట్ వీఎమ్‌కు చేరుతుంది. వీఎమ్ పాత క్లాసుల స్థానంలో కొత్త క్లాసులు పెడుతుంది, మెమరీలో ఉన్న ఆబ్జెక్టులను మాత్రం చెరపదు. ఆ తర్వాత ఫ్లట్టర్ విడ్జెట్ల (తెర మీది భాగాల) చెట్టు మొత్తాన్ని మళ్లీ బిల్డ్ చేయిస్తుంది. నాలుగో స్క్రీన్‌లో సగం నింపిన ఫారం ఉంటే అది అలాగే ఉండి, దాని చుట్టూ రూపం మారుతుంది. లాగిన్ దగ్గర నుంచి మళ్లీ నాలుగు స్క్రీన్లు నొక్కుకుంటూ రావాల్సిన పని తప్పుతుంది.

మళ్లీ నడవనివి: మెయిన్ ఫంక్షన్ (యాప్ మొదలయ్యే చోటు), ఇనిట్‌స్టేట్ (స్టేట్ ఆబ్జెక్ట్ పుట్టినప్పుడు ఒకసారే నడిచే మెథడ్), గ్లోబల్ వేరియబుళ్లకూ స్టాటిక్ ఫీల్డులకూ మొదట ఇచ్చిన విలువలు. వీటిలో ఇనిట్‌స్టేట్ తెచ్చే తంటా ఎక్కువ.

ఒక ఉదాహరణ దగ్గరగా చూడాలి. నడుస్తున్న స్క్రీన్‌కు యానిమేషన్ కలపాలనుకుంటారు. స్టేట్ క్లాసులో ‘లేట్’ అని (విలువ తర్వాత వస్తుందని) పెట్టి కంట్రోలర్ ఫీల్డ్ ప్రకటిస్తారు, ఇనిట్‌స్టేట్‌లో దానికి విలువ ఇస్తారు, బిల్డ్‌లో వాడతారు, సేవ్ చేస్తారు. తెర ఎర్రబడి లేట్ ఇనిషియలైజేషన్ ఎర్రర్ వస్తుంది. కోడ్‌లో తప్పేమీ లేదు. బిల్డ్ కొత్తది నడిచింది, ఇనిట్‌స్టేట్ నడవలేదు, కాబట్టి కంట్రోలర్ ఖాళీగా ఉంది. ఆ స్క్రీన్ నుంచి వెనక్కి వెళ్తే డిస్పోజ్‌లో (స్క్రీన్ మూసేటప్పుడు నడిచే మెథడ్‌లో) అదే ఎర్రర్ రెండోసారి వస్తుంది. అక్కడితో బెదిరిపోయి రాసినదంతా చెరిపేసేవాళ్లు ఉంటారు. చేయాల్సింది పెద్ద ఆర్ నొక్కడం, అంటే హాట్ రీస్టార్ట్. స్టేట్ మొత్తం పోతుంది, మెయిన్ దగ్గర నుంచి మొదలవుతుంది, ఎర్రర్ మాయమవుతుంది.

ఇంకో మోసం దీనికన్నా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఇనిట్‌స్టేట్‌లో ఒక స్ట్రీమ్‌కు (వరుసగా వచ్చే డేటాకు) పేరులేని ఫంక్షన్‌ను లిజనర్‌గా తగిలించి ఉంటారు. ఆ ఫంక్షన్ లోపలి కోడ్ మార్చి సేవ్ చేస్తారు. ఎర్రర్ ఏమీ రాదు. కానీ డార్ట్‌లో క్లోజర్ (ఇలాంటి పేరులేని ఫంక్షన్) పుట్టినప్పుడు ఏ కోడ్‌ను పట్టుకుందో దాన్నే పట్టుకుని ఉంటుంది, కాబట్టి పాత కోడే నడుస్తుంటుంది. సరిచేసిన బగ్ సరికానట్టు కనిపిస్తుంది. విడి మెథడ్‌గా రాసి, క్లోజర్ నుంచి దాన్ని పిలిస్తే ఈ బెడద ఉండదు.

గ్లోబల్ విలువల విషయంలో ఒక చిన్న మార్పు చాలు. ఫైనల్ అని రాసిన గ్లోబల్ ఒకసారి లెక్కకట్టిన విలువనే అంటిపెట్టుకుంటుంది. కాన్స్ట్ అని గానీ, గెట్టర్‌గా గానీ రాస్తే రీలోడ్‌లో కొత్త విలువ వస్తుంది. రంగులు, మార్జిన్లు, ఫాంట్ సైజులు పెట్టే థీమ్ ఫైల్‌ను ఈ రెండో పద్ధతిలో రాసుకుంటే రోజూ పదులసార్లు రీస్టార్ట్ కొట్టే పని తగ్గుతుంది.

ఎనమ్‌ను మామూలు క్లాసుగా మార్చినా, జెనెరిక్ క్లాసు టైప్ పారామీటర్లు మార్చినా రీలోడ్ ఒప్పుకోదు. కోట్లిన్, స్విఫ్ట్ వంటి నేటివ్ వైపు కోడ్ మారిస్తే హాట్ రీస్టార్ట్ కూడా చాలదు. యాప్ ఆపి పూర్తిగా మళ్లీ బిల్డ్ చేయాల్సిందే.

వెబ్‌లో ఈ సదుపాయం ఆలస్యంగా వచ్చింది. అక్కడ డార్ట్ వీఎమ్ ఉండదు, కోడ్ జావాస్క్రిప్ట్‌గా మారి బ్రౌజర్‌లో నడుస్తుంది. అందుకే 2025 మే నెలలో వచ్చిన ఫ్లట్టర్ 3.32లో ప్రయోగాత్మకంగా మొదలై, ఆగస్టులో వచ్చిన 3.35తో మామూలు సదుపాయమైంది. అదే 3.35లో విడ్జెట్ ప్రివ్యూయర్ కూడా ప్రయోగదశలో అడుగుపెట్టింది. మొత్తం యాప్ నడపకుండా ఒక్క విడ్జెట్‌ను విడిగా చూపించే పనిముట్టు అది. అంటే ఆపిల్, ఆండ్రాయిడ్ వైపు ముందు నుంచీ ఉన్న పద్ధతిని ఫ్లట్టర్ ఇప్పుడు తనకు కలుపుకుంటోంది.

## ఎక్స్‌కోడ్: కంపైలైన భాషకు అతుకు వేయడం

స్విఫ్ట్‌లో స్క్రీన్లు రాసే స్విఫ్ట్‌యూఐ, దాని ప్రివ్యూ కాన్వాస్ (ప్రివ్యూ కనిపించే పలక) 2019లో ఎక్స్‌కోడ్ 11తో వచ్చాయి. వీఎమ్ లేదు కాబట్టి కంపైలర్‌తోనే ఒక కిటుకు చేశారు. ప్రివ్యూ కోసం బిల్డ్ చేసేటప్పుడు ఫంక్షన్లను తర్వాత మార్చుకోదగినవిగా గుర్తుపెడతారు. వ్యూ బాడీలో (స్క్రీన్ రూపం రాసే చోట) మార్పు చేయగానే ఆ ఒక్క ఫైల్‌ను చిన్న డైనమిక్ లైబ్రరీగా కంపైల్ చేసి, నడుస్తున్న ప్రివ్యూ ప్రాసెస్‌లోకి ఎక్కిస్తారు. పాత ఫంక్షన్‌కు వెళ్లాల్సిన పిలుపు కొత్తదానికి మళ్లుతుంది. మార్పు ఒక స్ట్రింగ్‌లోనో అంకెలోనో మాత్రమే అయితే ఆ మాత్రం కంపైల్ కూడా అక్కర్లేదు, విలువ నేరుగా చేరుతుంది.

ఈ అతుకు ఎక్కడ ఊడుతుందో ఊహించడం కష్టం కాదు. వ్యూలో కొత్త స్టోర్డ్ ప్రాపర్టీ (విలువ దాచుకునే ఫీల్డ్) కలిపితే స్ట్రక్ట్ మెమరీ అమరిక మారుతుంది. ఒక్క ఫంక్షన్ మార్చి సరిపెట్టడం కుదరదు. ప్రివ్యూ ఆగి, మళ్లీ బిల్డ్ అడుగుతుంది. ఆప్షన్, కమాండ్, పీ కలిపి నొక్కితే తిరిగి మొదలవుతుంది. టార్గెట్‌లో ఇంకెక్కడో, ప్రివ్యూతో సంబంధంలేని ఫైల్‌లో కంపైల్ ఎర్రర్ ఉన్నా కాన్వాస్ ఖాళీయే. పెద్ద ప్రాజెక్టుల్లో స్క్రీన్లను చిన్న స్విఫ్ట్ ప్యాకేజీలుగా విడగొట్టి, ఆ ప్యాకేజీ స్కీమ్‌ను ఎంచుకుని ప్రివ్యూ చూడటం అందుకే ఆనవాయితీ అయింది. బిల్డ్ కావాల్సింది తగ్గితే ఆగే సందర్భాలూ తగ్గుతాయి.

2024లో వచ్చిన ఎక్స్‌కోడ్ 16 ఈ అమరికను తిరగరాసింది. అప్పటిదాకా ప్రివ్యూకు ఒక బిల్డు, రన్ బటన్‌కు ఇంకో బిల్డు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా ఎదురుచూపులే. ఇప్పుడు డీబగ్ బిల్డ్‌లో అసలు కోడ్ ఒక డైనమిక్ లైబ్రరీలో ఉంటుంది, యాప్ ఎగ్జిక్యూటబుల్ పేరుకు ఒక చిన్న తలుపు మాత్రమే. రెండు పనులకూ అదే బిల్డు సరిపోతుంది.

ప్రివ్యూ రాసేటప్పుడు జరిగే పొరపాట్లలో రెండు చెప్పుకోవాలి. మొదటిది: టాగుల్ ఉన్న వ్యూకు బైండింగ్‌గా (వ్యూ చదివి, మార్చే విలువకు లంకెగా) కాన్‌స్టెంట్ ఇచ్చేస్తారు. కాన్వాస్‌లో టాగుల్ నొక్కితే ఉలకదు పలకదు. వ్యూలో బగ్ ఉందని గంటసేపు వెతుకుతారు. కాన్‌స్టెంట్ అన్న పేరే చెబుతున్నట్టు ఆ విలువ మారదు. ఎక్స్‌కోడ్ 16లోని ప్రివ్యూయబుల్ మాక్రోతో ప్రివ్యూలోనే నిజమైన స్టేట్ ప్రకటించుకోవచ్చు. అయితే దానికి ఐఓఎస్ 17 కావాలి. పాత వెర్షన్లకు చిన్న చుట్టు వ్యూ రాసి, అందులో స్టేట్ పెట్టుకోవాలి.

రెండోది కాస్త ప్రమాదకరం. ప్రివ్యూ ఒక్క స్క్రీన్‌నే చూపించినా, దానికి ఆసరా ఇచ్చేది మొత్తం యాప్. కనుక యాప్ మొదలయ్యేటప్పటి కోడ్ కూడా నడుస్తుంది. అనలిటిక్స్, క్రాష్ రిపోర్టింగ్, డేటాబేస్ మైగ్రేషన్ వంటివి అక్కడుంటే ప్రివ్యూ తెరిచిన ప్రతిసారీ అవి కదులుతాయి. ప్రివ్యూ కోసం నడిచేటప్పుడు ఎక్స్‌కోడ్ ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 అని విలువ పెడుతుంది. దాన్ని చూసి ఈ పనులను దాటవేయడం మంచిది.

## ఆండ్రాయిడ్ స్టూడియో: ఫోన్ లేని ఫోన్ తెర

ఆండ్రాయిడ్ స్క్రీన్లు రాయడానికి 2021 జులైలో 1.0గా వచ్చిన జెట్‌ప్యాక్ కంపోజ్‌లో ప్రివ్యూ అనొటేషన్ (గుర్తు) తగిలించిన ఫంక్షన్‌ను స్టూడియో తన లోపలే గీస్తుంది. గీసేది లేఅవుట్‌లిబ్. డెస్క్‌టాప్ జావా మీద నడిచేలా తయారుచేసిన ఆండ్రాయిడ్ ఫ్రేమ్‌వర్క్ రూపం అది. పాత ఎక్స్ఎమ్ఎల్ లేఅవుట్ల ప్రివ్యూను గీసిందీ అదే.

ఫోన్ లేదు కాబట్టి నెట్‌వర్క్ లేదు, ఫైళ్లు అందవు, కాంటెక్స్ట్ మీద ఆధారపడే ఏపీఐలు కొన్ని పనిచేయవు. కంపోజబుల్ (స్క్రీన్ గీసే ఫంక్షన్) పారామీటర్‌గా వ్యూమోడల్ (స్క్రీన్ డేటాను చూసుకునే క్లాసు) తీసుకుంటే, ఆ వ్యూమోడల్‌కు రిపాజిటరీ (డేటా తెచ్చే క్లాసు) కావాలి, దానికి డేటాబేస్ కావాలి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది, ప్రివ్యూ విఫలమవుతుంది. అందరూ వాడే మందు ఒకటే: స్క్రీన్‌ను రెండు ఫంక్షన్లుగా చీల్చడం. పైది వ్యూమోడల్ నుంచి స్టేట్ తీసుకుంటుంది. కిందిది మామూలు డేటా క్లాసునూ, క్లిక్‌ల కోసం లాంబ్డాలనూ మాత్రమే తీసుకుంటుంది. ప్రివ్యూ కిందిదానికే. దానికి ఖాళీ జాబితా, ఒకే వస్తువు, పొడవాటి పేరు, ఎర్రర్ సందేశం అని నాలుగు నమూనాలు ఇచ్చి పక్కపక్కన పెడితే, ఫోన్‌లో అరుదుగా తప్ప కనిపించని స్థితులు కూడా కళ్లెదుట ఉంటాయి. ఈ విషయంలో విడి ప్రివ్యూ హాట్ రీలోడ్ కన్నా ఒక మెట్టు పైనే. హాట్ రీలోడ్ యాప్ ఇప్పుడున్న ఒక్క స్థితినే చూపిస్తుంది.

నడుస్తున్న యాప్‌లో మార్పు చూడాలంటే స్టూడియోలో లైవ్ ఎడిట్ వేరుగా ఉంది. అది ఫోన్ మీదో ఎమ్యులేటర్ మీదో, ఆండ్రాయిడ్ 11 లేదా ఆపైన మాత్రమే పనిచేస్తుంది.

## తెలుగు అక్షరం పెట్టే పరీక్ష

ప్రివ్యూలన్నీ సాధారణంగా ఇంగ్లిష్ మాటలతోనే చూస్తారు. తెలుగులో కూడా రావాల్సిన యాప్‌కు అది సగం చూపే.

16 ఎస్‌పీ సైజు అక్షరాలున్న ఒక బటన్‌కు ఎత్తు 40 డీపీ అని గట్టిగా బిగించారనుకుందాం (ఎస్‌పీ, డీపీ రెండూ ఆండ్రాయిడ్ కొలతలు). ఇంగ్లిష్‌లో ‘సేవ్’ అన్న మాట హాయిగా ఇమిడిపోతుంది. తెలుగులో ‘రాష్ట్రం’ అన్న మాట పెడితే ష కింద టవత్తు, దాంతో రవత్తు చేరి అక్షరం కిందికి దిగుతుంది. గుడి, ఏత్వం ఉన్న మాటలు పైకీ పెరుగుతాయి. వాడేవాళ్లు ఫోన్‌లో అక్షరాల సైజు ఒకటిన్నర రెట్లు చేస్తే 16 కాస్తా దాదాపు 24 అవుతుంది, ‘భద్రపరచండి’ వంటి మాట రెండు లైన్లకు మళ్లుతుంది, వత్తులు తెగుతాయి. కంపోజ్ ప్రివ్యూలో లొకేల్ (భాష) ‘టీఈ’, ఫాంట్ స్కేల్ 1.5 అని రెండు పారామీటర్లు ఇస్తే ఇది ఫోన్ ముట్టకుండానే బయటపడుతుంది. బిగించిన ఎత్తు తీసేసి కనీస ఎత్తు పెట్టడమే దీనికి విరుగుడు.

ఇక్కడ ఆండ్రాయిడ్ కూడా ఈమధ్య ఒక అడుగు వేసింది. నిలువుగా ఎక్కువ చోటు అడిగే లిపులను కుదించి చూపే పాత అలవాటును ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసే యాప్‌ల టెక్స్ట్‌వ్యూలలో ఆపేసింది. అటువంటి లిపుల జాబితాలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ఉన్నాయి. అక్షరాలు స్పష్టంగా వస్తాయి, లైను ఎత్తు పెరుగుతుంది. టార్గెట్ వెర్షన్ మార్చిన రోజున తెలుగు స్క్రీన్లు మాత్రమే కాస్త కిందికి జరిగినట్టుంటే కారణం ఇదే కావచ్చు.

స్విఫ్ట్‌యూఐ ప్రివ్యూలో ఎన్విరాన్‌మెంట్ లొకేల్‌ను తెలుగుకు మార్చితే టెక్స్ట్ వ్యూలో నేరుగా రాసిన కీలు తెలుగులోకి మారతాయి. ముందే స్ట్రింగ్‌గా తర్జుమా చేసి తెచ్చుకున్న మాటలు మారవు, ఎందుకంటే అవి ప్రాసెస్ భాషను చూస్తాయి. ఒకే స్క్రీన్‌లో సగం తెలుగు, సగం ఇంగ్లిష్ కనిపిస్తే తర్జుమా ఫైల్‌ను అనుమానించే ముందు ఇది చూసుకోవాలి.

ఫ్లట్టర్ విడ్జెట్ ప్రివ్యూయర్ వెబ్ మీద నడుస్తుంది. యాప్‌లో తెలుగు ఫాంట్ కలిపి ఉండకపోతే వెబ్ ఇంజిన్ నోటో ఫాంట్‌ను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. వచ్చేదాకా అక్షరాల చోట డబ్బాలే. నెట్ లేకపోతే అవి డబ్బాలుగానే మిగిలిపోతాయి. ఫోన్‌లో అదే విడ్జెట్ ఫోన్‌లోని తెలుగు ఫాంట్‌తో చక్కగా కనిపిస్తుంది. వెబ్ మీద నడవడం వల్లే ఫైళ్లను, నేటివ్ లైబ్రరీలను నేరుగా తాకే కోడ్ కూడా ప్రివ్యూయర్‌లో పనిచేయదు.

## రియాక్ట్ నేటివ్ మాటేమిటి?

జావాస్క్రిప్ట్‌తో ఫోన్ యాప్‌లు రాసే రియాక్ట్ నేటివ్‌లో 2019లో 0.61తో వచ్చిన ఫాస్ట్ రిఫ్రెష్ ఫ్లట్టర్ పద్ధతికి దగ్గర బంధువు. తేడా ఒక్కచోట ఉంది, అదీ మంచి తేడాయే: ఫంక్షన్ కాంపోనెంట్ మారితే స్టేట్ మిగులుతుంది గానీ యూజ్‌ఎఫెక్ట్‌లు (తెర గీశాక నడిచే కోడ్) మాత్రం డిపెండెన్సీలతో నిమిత్తం లేకుండా మళ్లీ నడుస్తాయి. ఇనిట్‌స్టేట్ తరహా గందరగోళం తగ్గుతుంది. బదులుగా, సేవ్ చేసిన ప్రతిసారీ సర్వర్‌కు రిక్వెస్ట్ వెళ్లే ప్రమాదం ఉంది. హుక్‌ల (యూజ్‌ఎఫెక్ట్ వంటి పిలుపుల) వరుస మార్చినా, క్లాస్ కాంపోనెంట్ అయినా స్టేట్ మొదటికి వస్తుంది.

## ప్రివ్యూ చూపించలేనిది

వేగం. ఫ్లట్టర్ హాట్ రీలోడ్ డీబగ్ మోడ్‌లోనే ఉంటుంది. అందులో కోడ్ నడుస్తుండగా కంపైలవుతుంది, తనిఖీలన్నీ ఆన్‌లో ఉంటాయి. విడుదలయ్యే యాప్ ముందే మెషీన్ కోడ్‌గా మారి ఉంటుంది. డీబగ్‌లో స్క్రోల్ తడబడిందని జాబితా కోడ్ తిరగరాయడం వృథా శ్రమ కావచ్చు. డీబగ్‌లో సాఫీగా ఉందని నమ్మడానికీ లేదు, ఎందుకంటే చూస్తున్నది చాలాసార్లు ల్యాప్‌టాప్ మీది ఎమ్యులేటర్. కొలవాల్సింది ప్రొఫైల్ మోడ్‌లో (వేగం కొలవడానికే ఉన్న బిల్డ్‌లో), అదీ నిజమైన ఫోన్‌లో. ఎమ్యులేటర్లలో ప్రొఫైల్ మోడ్ నడవదు. కంపోజ్‌కూ అంతే, డీబగ్ బిల్డ్ కన్నా రిలీజ్ బిల్డ్ స్క్రోల్ చాలా నున్నగా ఉంటుంది.

లైవ్ ప్రివ్యూతో రోజంతా పనిచేసిన కోడ్‌లో ఇంకో లోటు మిగిలిపోయే వీలుంది. పొద్దున మొదలైన ఒకే స్టేట్ మీద సాయంత్రం దాకా అతుకులు పడుతూ వచ్చాయి. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు నడవాల్సిన దారి ఆ రోజంతా ఒక్కసారీ నడవలేదు. అందుకే కమిట్ చేసే ముందు యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, ఖాళీ డేటాతో ఒకసారి తెరవాలి. ప్రివ్యూలో పదిసార్లు సరిగ్గా కనిపించిన స్క్రీన్ అక్కడ నల్ ఎర్రర్‌తో ఆగిపోతే, తప్పు పొద్దుటి నుంచీ అక్కడే ఉందన్నమాట.